ఆటగాడిని గుర్తించడం, ఆటగాడిని తీర్చిదిద్దడం



వృత్తి క్రీడారంగంలో ప్రతిభ గల ఆటగాడిని గుర్తించడం ఒక విద్య, గుర్తించిన ఆటగాడిని తీర్చిదిద్దడం మరొక విద్య. ఒకదాని వెంట ఒకటి నడవడం వల్ల ఈ రెండూ ఒకే పనిలోని రెండు అంచెలుగా కనిపిస్తాయి గానీ, వాటికి కావలసిన చూపు వేరు, ఓర్పు వేరు, వాటి ఫలితం తేలడానికి పట్టే కాలం కూడా వేరు. గుర్తించేవాడు ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవాడిని చూసి, ఇతడు ఇరవై ఆరేళ్ళ వయసుకు ఏమి కాగలడని ప్రశ్నించుకుంటాడు. తీర్చిదిద్దేవాడు అదే కుర్రవాడిని చూసి, ఇతడు రాబోయే ఆరు నెలల్లో ఏమి నేర్చుకోవాలి, దేనిని మానుకోవాలి అని ఆలోచిస్తాడు. మొదటివాడికి వందల మందిలో ఒకరిని ఎంచుకునే అవకాశం ఉంటుంది, రెండవవాడు తన చేతికి వచ్చినవారినే మెరుగుపరచవలసి ఉంటుంది. ఈ తేడాను స్పష్టంగా గ్రహించడం ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణానికి, అందులో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న సుభాష్‌పల్లి వంటి పేటలకు ఎంతో అవసరం. ఎందుకంటే ఈ పట్టణం క్రీడాచరిత్రలో గుర్తింపు కథలు ఘనంగానే ఉన్నాయి గానీ, వాటి వెనుక జరిగిన తయారీ గురించిన చర్చ చాలా తక్కువగా జరిగింది.

ఈ రెండు పనులను అతి స్పష్టంగా వేరుచేసి, వాటికి వేర్వేరు శాఖలను, ఉద్యోగులను, బడ్జెట్లను ఏర్పరచుకున్న ఆట అమెరికాలోని బేస్‌బాల్. క్రికెట్ ఎరిగినవారికి ఈ ఆటను అర్థం చేసుకోవడం కష్టం కాదు: బంతిని నేలకు తాకకుండా నేరుగా బ్యాటర్ వైపు విసిరేవాడిని పిచర్ అంటారు, బ్యాటర్ వెనుక గొంతుక్కూర్చుని ఆ బంతిని అందుకునేవాడిని క్యాచర్ అంటారు, అంటే క్రికెట్‌లో వికెట్ కీపరు నిలిచే చోటు ఇతనిది. మేజర్ లీగ్ అని పిలిచే అత్యున్నత స్థాయిలో 30 క్లబ్బులు ఉన్నాయి, ప్రతి క్లబ్బు తరఫున స్కౌట్లు అనే ప్రతిభాన్వేషకులు పాఠశాలల మైదానాలు, కళాశాలల మైదానాలు, విదేశాల్లోని చిన్న ఊళ్ళు తిరిగి కుర్రవాళ్ళను చూసి నివేదికలు రాస్తారు.

స్కౌటు రాసే నివేదికలో ఒక విశేషం ఉంది. బంతిని కొట్టగల నేర్పు, కొట్టుడులోని బలం, పరుగు వేగం, ఫీల్డింగ్, బంతి విసిరే చేతి సత్తా అనే ఐదు లక్షణాలకు 20 నుంచి 80 వరకు ఉండే కొలమానంపై మార్కులు వేస్తారు. అందులో 50 అంటే మేజర్ లీగ్ ఆటగాడి సగటు స్థాయి. అయితే ఒక్కో లక్షణానికి వేసే మార్కు ఒకటి కాదు, రెండు: కుర్రవాడు ఇవాళ ఉన్న స్థాయికి ఒకటి, పూర్తిగా ఎదిగిన తరువాత చేరగలడని స్కౌటు అంచనా వేసే స్థాయికి మరొకటి. ఇవాళ్టి మార్కు 30, రేపటి మార్కు 60 అని ఒక స్కౌటు రాశాడంటే, ఆ రెండు అంకెల నడుమ ఉన్న దూరం అంతా తీర్చిదిద్దే శాఖ నడవవలసిన దారి. అంటే స్కౌటు చెప్పేది ఒక జోస్యం, ఆ జోస్యాన్ని నిజం చేసే బాధ్యత అతనిది కాదు. ఆ బాధ్యతను మోసేవారు లేనప్పుడు ఎంత చక్కని అంచనా అయినా కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది.

బేస్‌బాల్‌లో ఆ బాధ్యతకు ఒక వ్యవస్థ రూపాన్ని ఇచ్చినవాడు బ్రాంచ్ రికీ. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే క్లబ్బును ఆయన నడిపిన 1920లలో, తయారైన ఆటగాళ్ళను ధనిక క్లబ్బులు కొనుక్కుపోతుండగా, తన క్లబ్బుకు అంత స్తోమత లేదని గ్రహించి, చిన్న ఊళ్ళలోని చిన్న జట్లలో వాటాలు కొని, కుర్రవాళ్ళను తక్కువ ఖర్చుతో చేర్చుకుని, వారిని ఒక్కో మెట్టు ఎక్కిస్తూ పెంచే ఏర్పాటు చేశాడు. వరి రైతు నారుమడిలో పెంచిన మొక్కను అదునుకు తీసి పొలంలో నాటినట్లుగా సాగే ఈ ఏర్పాటును ఫార్మ్ పద్ధతి అన్నారు. 1926లో ఆ క్లబ్బు జాతీయ విజేతగా నిలిచింది. తరువాతి సంవత్సరాల్లో ముప్పైకి మించిన చిన్న జట్లు దాని అధీనంలోకి వచ్చాయి, మిగిలిన క్లబ్బులన్నీ అదే బాట పట్టాయి. ఇప్పుడు ప్రతి మేజర్ లీగ్ క్లబ్బుకు సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అనే నాలుగు మెట్లలో నాలుగు అనుబంధ జట్లు ఉన్నాయి, వెరసి 120 జట్లు. వీటిని కలిపి మైనర్ లీగ్ అంటారు. ఎక్కువమంది ఆటగాళ్ళు ఈ మెట్ల మీద అనేక సంవత్సరాలు గడిపిన తరువాతే పైస్థాయికి చేరతారు, చేరినవారికంటే మధ్యలో ఆగిపోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువ.

కొత్త ఆటగాళ్ళను క్లబ్బులు వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ అనే పద్ధతి 1965లో మొదలైంది. గుర్తింపు మీద క్లబ్బులకు ఉన్న నమ్మకాన్ని, ఆ నమ్మకానికి ఉన్న పరిమితులను కూడా ఈ డ్రాఫ్ట్ చరిత్రే చూపిస్తుంది. 1988లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ క్లబ్బు 62వ వంతులో, మొత్తం మీద 1390వ ఆటగాడిగా, మైక్ పియాజ్జా అనే కుర్రవాడిని తీసుకుంది. అదీ ఆ క్లబ్బు మేనేజరు టామీ లసోర్డాకు పియాజ్జా కుటుంబంతో ఉన్న స్నేహం వల్ల జరిగింది తప్ప, స్కౌట్ల సిఫారసు వల్ల జరిగినది కాదు. అప్పటివరకు వేరే స్థానంలో ఆడుతున్న అతనిని క్యాచర్‌గా మార్చాలని క్లబ్బు నిర్ణయించింది, ఆ పని నేర్చుకోవడానికి అతను డొమినికన్ రిపబ్లిక్‌లో ఆ క్లబ్బు 1987లో ప్రారంభించిన శిక్షణ కేంద్రానికి వెళ్ళి, తన భాష తెలియని కుర్రవాళ్ళ మధ్య ఉండి అభ్యాసం చేశాడు. 2016లో అతనికి బేస్‌బాల్ ప్రముఖుల శ్రేణి అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కింది. 1389 మంది తరువాత గుర్తుకు వచ్చిన ఆటగాడు ఆ స్థాయికి ఎదగడంలో గుర్తింపు పాత్ర స్వల్పం. స్థానం మార్చి, కొత్త పని నేర్పి, పొరపాట్లు చేయడానికి వ్యవధి ఇచ్చిన తయారీ పాత్ర అపారం.

ఈ నేపథ్యంలో ఖరగ్‌పూర్ వైపు చూసినప్పుడు రెండు ఉదాహరణలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిన నాటి నుంచి, నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి తెలుగువారు పనుల కోసం వచ్చి స్థిరపడ్డారు. వారితో పాటు బెంగాలీలు, ఆంగ్లో ఇండియన్లు, ఒరియావారు, బీహారు ప్రాంతంవారు ఒకే కాలనీల్లో మెలగడం వల్ల ఆట మైదానం ఇక్కడ ఉమ్మడి వేదిక అయింది. బిలాస్‌పూర్‌లో 1927లో పుట్టిన లెస్లీ క్లాడియస్ 1946లో ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడే తప్ప హాకీలో పేరున్నవాడు కాదు. ఇక్కడ జరుగుతున్న ఒక హాకీ సాధన మ్యాచ్‌లో జట్టుకు ఒక మనిషి తక్కువ పడగా, 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోని డిక్కీ కార్ అతనిని మైదానంలోకి పిలిచాడు. ఆ తరువాత రెండేళ్ళకే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో క్లాడియస్ ఉన్నాడు. 1952, 1956 సంవత్సరాల్లో మరో రెండు స్వర్ణాలు, 1960లో రజతం అతని ఖాతాలో చేరాయి.

ఈ కథను చెప్పుకునేటప్పుడు డిక్కీ కార్ చూపునే అందరూ మెచ్చుకుంటారు, అది న్యాయమే. కానీ ఒక ఫుట్‌బాల్ ఆటగాడు రెండేళ్ళలో ఒలింపిక్ హాకీ ఆటగాడు కావడం కేవలం ఒక చూపు వల్ల సాధ్యమయ్యే పని కాదు. రైల్వే కాలనీల్లో బాల్యం నుంచీ ఆటల మధ్య పెరగడం, తనకంటే మెరుగైనవారితో నిత్యం ఆడే అవకాశం దొరకడం, కలకత్తాలో పోర్టు కమిషనర్ల జట్టుకు, తరువాత కస్టమ్స్ జట్టుకు ఆడుతూ గట్టి పోటీని ఎదుర్కోవడం అతనిని తీర్చిదిద్దాయి. ఆ తయారీకి ఒక అకాడమీ పేరు లేదు, ఒక పాఠ్యప్రణాళిక లేదు; పరిసరమే గురువు పని చేసింది. పరిసరం ఆ విధంగా సమకూడినంత కాలం ప్రత్యేక వ్యవస్థ లేని లోటు బయటపడదు; పరిసరం మారిపోయిన తరువాత, గుర్తించే కన్ను మిగిలి ఉన్నా, గుర్తించినవారిని పెంచే చేయి కరవవుతుంది.

రెండవ ఉదాహరణ మహేంద్ర సింగ్ ధోనీ. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 2001 నుంచి టికెట్ కలెక్టరుగా పనిచేసిన ఈ ఆటగాడి పేరు ఈ పట్టణంలో ఎరగనివారు లేరు గనుక, ఇక్కడ అతని ప్రయాణంలో ఎవరు ఏ పని చేశారన్నది విడివిడిగా చూడడమే ప్రయోజనకరం. రాంచీలోని పాఠశాలలో ఫుట్‌బాల్ గోల్‌కీపరుగా ఉన్న బాలుడిని వికెట్ కీపింగ్ వైపు మళ్ళించినవాడు అక్కడి శిక్షకుడు కేశవ్ బెనర్జీ; పియాజ్జా విషయంలో వలెనే ఇది స్థానం మార్పు, అంటే ఒక ఆటలో అలవడిన చేతి చురుకును మరొక ఆటకు ఉపయోగపెట్టే తయారీ నిర్ణయం. ఖరగ్‌పూర్‌లో అప్పటి డివిజనల్ రైల్వే మేనేజరు, క్రికెట్ అభిమాని అయిన అనిమేష్ గంగూలీ చొరవతో స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం చేసిన మేలు వేరొకటి: అది జీతాన్ని, ఆడుకునే మైదానాన్ని, ఆగ్నేయ రైల్వే జట్టులో చోటును ఇచ్చింది. దీనిని పోషణ అనడం సముచితం. గుర్తింపుకు, తయారీకి నడుమ ఉండే ఈ మూడవ అంశం లేకపోతే సామాన్య కుటుంబాల పిల్లలు పాతికేళ్ళ వరకు ఆటలో నిలబడలేరు.

అసలైన స్కౌటింగ్ జరిగింది 2003లో. అంతకు ముందు సంవత్సరం భారత క్రికెట్ బోర్డు, దిలీప్ వెంగ్‌సర్కార్ నాయకత్వంలో, చిన్న పట్టణాల్లోని ప్రతిభను వెతకడానికి ఒక విభాగాన్ని నెలకొల్పింది. ఆ విభాగం తరఫున పనిచేసిన బెంగాల్ మాజీ కెప్టెన్ ప్రకాశ్ పొద్దార్ జంషెడ్‌పూర్‌లో ఒక మ్యాచ్‌లో ధోనీని చూసి, అతని కొట్టుడులోని బలాన్ని ప్రస్తావిస్తూ బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీకి నివేదిక పంపాడు. అప్పటికి ధోనీకి 21 ఏళ్ళు. పంతొమ్మిదేళ్ళలోపు కుర్రవాళ్ళ కోసం ఉద్దేశించిన పథకంలో వయసు దాటినవాడిని చూసి కూడా పక్కన పెట్టకపోవడం ఒక మంచి స్కౌటుకు ఉండవలసిన వివేకం. ఫలితంగా 2004లో భారత్-ఏ జట్టుతో జింబాబ్వే, కెన్యా పర్యటనకు వెళ్ళిన ధోనీ, నైరోబీలో పాకిస్తాన్-ఏ జట్టుపై రెండు శతకాలు చేశాడు. ఇటువంటి ఏ-జట్టు పర్యటన బేస్‌బాల్‌లోని ట్రిపుల్-ఏ మెట్టుకు సమానమైనది, అంటే పైస్థాయికి ఒక్క అడుగు దూరంలో నిజమైన పోటీ మధ్య పరీక్షించే మెట్టు.

గుర్తింపునకు, తయారీకి ఉన్న తేడా అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆ తరువాతి నాలుగు మ్యాచ్‌లలో. 2004 డిసెంబర్ 23న చిట్టగాంగ్‌లో తొలి అంతర్జాతీయ వన్డేలో ధోనీ ఒక్క పరుగు కూడా చేయకుండా రనౌట్ అయ్యాడు, ఆ పై మూడు మ్యాచ్‌లలోనూ చెప్పుకోదగిన స్కోరు రాలేదు. కేవలం కొలిచి ఎంచే దృష్టితో చూస్తే ఆ అంకెలు అతనిని తప్పించడానికి చాలు. అయినా కెప్టెన్ సౌరవ్ గంగూలీ ఐదవ మ్యాచ్‌లో అతనిని మూడవ స్థానంలో బ్యాటింగ్‌కు పంపాడు. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్‌పై 123 బంతుల్లో 148 పరుగులు వచ్చాయి. ఆటగాడి బలానికి తగిన పరిస్థితిని కల్పించి, విఫలమైన తరువాత కూడా మరొక అవకాశం ఇవ్వడం తీర్చిదిద్దడంలోని కీలకం. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో అనేకుల పూర్వీకుల ప్రాంతమైన విశాఖలోనే ఆ ఇన్నింగ్స్ జరగడం వారికి అదనపు ఆనందాన్ని కలిగించే విషయం.

ఇక్కడ స్పోర్ట్స్ కోటా స్వభావాన్ని కూడా పరిశీలించవలసి ఉంది. స్కౌటు రేపటి ఆటగాడిని చూస్తాడు. కోటా ద్వారా జరిగే నియామకం ప్రధానంగా నిన్నటి విజయాలను, అంటే పోటీల్లో పాల్గొన్న ధ్రువపత్రాలను, సాధించిన స్థానాలను, వాటికి తోడు ఎంపిక పరీక్షలోని ప్రదర్శనను చూస్తుంది. కనుక అది స్కౌటింగ్ కాదు, తయారీ కూడా కాదు. అప్పటికే ఎవరో గుర్తించి, ఎవరో కొంత తయారు చేసిన ఆటగాడికి లభించే పోషణ. ఇది చిన్న విషయం ఏమీ కాదు. అమెరికాలో మైనర్ లీగ్ ఆటగాళ్ళు దశాబ్దాల పాటు అతి తక్కువ జీతాలతో, వసతి కోసం సొంత డబ్బు పెట్టుకుంటూ బతికారు. 2022లో క్లబ్బులు వసతి ఇవ్వడం మొదలైంది, ఆటగాళ్ళు సంఘంగా ఏర్పడి 2023లో తొలి ఒప్పందం కుదుర్చుకున్న తరువాత సింగిల్-ఏ ఆటగాడి వార్షిక వేతనం సుమారు 11,000 డాలర్ల నుంచి 26,200 డాలర్లకు పెరిగింది. అక్కడ ఆట ఆగిపోయిన రోజున జీతం ఆగిపోతుంది. రైల్వేలో ఆట ఆగిపోయినా ఉద్యోగం నిలుస్తుంది. గెలవలేకపోయిన ఆటగాడిని వీధిన పడేయని ఈ పద్ధతి భారతీయ రైల్వేలు క్రీడలకు చేసిన గొప్ప సేవ.

గుర్తింపు మాత్రమే ఉండి, తయారీకి చాలినంత కాలం లేనప్పుడు ఏమవుతుందో 2008లో జరిగిన ఒక ప్రయోగం చూపింది. బేస్‌బాల్ అంటే ఏమిటో చాలామందికి తెలియని భారతదేశంలో బంతిని అతి వేగంగా, గురి తప్పకుండా విసరగలవారి కోసం ఒక అమెరికన్ ఏజెంటు పోటీ పెట్టగా, ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ అభ్యాసకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఎంపికయ్యారు. టామ్ హౌస్ అనే ప్రసిద్ధ శిక్షకుడి వద్ద కొన్ని నెలలు నేర్చుకుని, అదే సంవత్సరం వారు పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బులో చేరారు. వేగాన్ని కొలిచే యంత్రం వారి చేతి సత్తాను సరిగానే చూపింది. కానీ బాల్యం నుంచి ఆ ఆట ఆడినవారికి అలవడే బ్యాటర్ మనసు చదవడం, బంతి తిప్పడంలోని సూక్ష్మాలు, సుదీర్ఘ సీజన్‌కు తట్టుకునే శరీరం కొన్ని నెలల్లో రావు. దినేశ్‌ను రెండేళ్ళకే క్లబ్బు వదులుకుంది; రింకూ మరికొన్ని సంవత్సరాలు మైనర్ లీగ్‌లో నిలకడగా శ్రమించినా, గాయాల వల్ల మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేకపోయాడు. ఆ ఇద్దరి సాహసం గౌరవించదగినది; లోపం వారిలో లేదు, గుర్తింపుకు ముందు గడవవలసిన పదేళ్ళ తయారీ లేకపోవడంలో ఉంది.

తయారీ నిండుగా జరిగినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో తెలుగు నేల మీదే, అదీ రైల్వే నీడలోనే కనిపిస్తుంది. వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగులు అయిన రమణ, విజయ దంపతుల కుమార్తె పి.వి. సింధు సికింద్రాబాదులోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ బ్యాడ్మింటన్ కోర్టుల్లో మెహబూబ్ అలీ వద్ద తొలి పాఠాలు నేర్చింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో ప్రారంభించిన అకాడమీలో ఆమె సంవత్సరాల తరబడి సాధన చేసి, 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2019లో ప్రపంచ విజేత పతకం, టోక్యోలో కాంస్యం గెలిచింది. ఆ అకాడమీ ఘనత ఒక సింధును కనిపెట్టడంలో లేదు. సైనా నెహ్వాల్ మొదలుకొని ఒకరి తరువాత ఒకరుగా వచ్చినవారందరికీ వేకువ సాధన, ఆహార నియమం, గాయాల చికిత్స, తగిన జోడీ ఆటగాళ్ళు ఒకే ప్రాంగణంలో దొరికేలా చేయడంలో ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి విషయంలో రెండు పనులూ ఒకదానికొకటి తోడయ్యాయి: ఊరిలో నీలంశెట్టి అప్పన్న వేసిన పునాది మొదటిది, జాతీయ శిబిరంలో సోవియట్ శిక్షకుడు లియోనిద్ తరనెంకో ఆమె సత్తాను పసిగట్టడం రెండవది, ఆ తరువాత దాదాపు పదేళ్ళ కఠోర సాధన 2000 సిడ్నీలో భారత మహిళకు తొలి ఒలింపిక్ పతకాన్ని తెచ్చింది. పేరున్న శిక్షకుడు గుర్తించేనాటికే ఊరి శిక్షకుడు కొన్నేళ్ళు తీర్చిదిద్ది ఉండడం గమనించదగిన విషయం.

ఇప్పుడు బేస్‌బాల్‌లో ఈ రెండు శాఖల మధ్య గోడ పలచబడుతోంది. బంతి వేగాన్ని, అది గాలిలో తిరిగే చుట్లను, బ్యాట్‌ను తాకి వెళ్ళే కోణాన్ని లెక్కించే వ్యవస్థలు 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో ఉండడం వల్ల, ఒక ఆటగాడిలో ఏది పుట్టుకతో వచ్చినది, ఏది నేర్పితే మారుతుంది అనే విషయం ముందుకంటే బాగా తెలుస్తోంది. అందువల్ల స్కౌటు కూడా తమ క్లబ్బులోని శిక్షకులు దేనిని బాగా నేర్పగలరో తెలుసుకుని, ఆ లోపమే ఉన్న కుర్రవాడిని ధైర్యంగా ఎంచుకోగలుగుతున్నాడు. తయారీ బలంగా ఉన్నచోట గుర్తింపు పరిధి విస్తరిస్తుంది, అది బలహీనంగా ఉన్నచోట అప్పటికే తయారైనవారు తప్ప మరెవరూ కంటికి ఆనరు.

సుభాష్‌పల్లి వంటి పేటలోని క్రీడాభిమానులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు దీని నుంచి లభించే మార్గం స్పష్టమైనదే. స్కౌటు నివేదికలోని ఆ రెండు మార్కుల పద్ధతిని పాఠశాలలు, క్లబ్బులు ఏ ఖర్చూ లేకుండా పాటించవచ్చు: ప్రతి ఆటగాడికి ఇవాళ ఏమి వచ్చు, ఏమి రావలసి ఉంది అని ఒక పుస్తకంలో రాసి, శిక్షకుడు మారినప్పుడు ఆ పుస్తకాన్ని తరువాతివారికి అప్పగిస్తే, ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం తప్పుతుంది. పద్నాలుగేళ్ళకు ఎంపిక కాని పిల్లవాడికి తలుపు మూయకుండా, ఆలస్యంగా ఎదిగేవారికి ఇరవై ఏళ్ళ వరకు చోటు ఇవ్వడం ధోనీ ఉదాహరణ నేర్పే పాఠం. శిక్షకుడి పనితనాన్ని గెలిచిన కప్పులతో కాక, తన వద్దకు వచ్చినవారు ఎంత మెరుగయ్యారన్నదానితో కొలవడం ఆ రెండింటికంటే ముఖ్యం. కప్పులతో కొలిచినంత కాలం శిక్షకుడు అప్పటికే వయసుకు మించి ఎదిగిన పిల్లలను ఏరుకుంటాడు తప్ప, చిన్నవాడిని పెంచే శ్రమ తీసుకోడు. ఈ పట్టణంలో సెర్సా స్టేడియం వంటి మైదానం ఉంది, ఆటగాడికి అన్నం పెట్టే రైల్వే ఉంది, ఐదారు భాషల పిల్లలు కలిసి ఆడే అలవాటు ఉంది. లోటుగా ఉన్నది ఓపికతో కూడిన నిత్య శిక్షణ ఒక్కటే, దానిని సమకూర్చుకోవడానికి మరొక డిక్కీ కార్ గాని, మరొక ప్రకాశ్ పొద్దార్ గాని వచ్చే వరకు ఎదురుచూడనక్కరలేదు. ఒక ఊరు ఎందరు ప్రసిద్ధులను పైకి పంపిందన్నది అదృష్టం పాలు కలిగిన లెక్క. మైదానానికి వచ్చిన ప్రతి పిల్లవాడూ, ప్రతి ఆడపిల్లా ఎంత మెరుగై తిరిగి వెళ్ళారన్నది ఆ ఊరి పెద్దలు తమ చేతులతో రాయగల లెక్క, ఆ లెక్క రాయడం ఈ సంవత్సరమే మొదలు కావాలి.